కర్ణగండం

మా వీధి మొగలో ఇస్త్రీ బండి వెనక గోడకి మొన్న బుధవారం పొద్దున ఒక కన్నీటి అంజలి పోస్టరు అంటించారు. ఈ ఊళ్లో మనిషి పోతే ముందు పోస్టరు వస్తుంది, తరువాతే ఏడుపు వస్తుంది. పాలపాకెట్టు కోసం వెళ్లినవాణ్ణి ఆగి చూశాను. చుట్టూ మల్లెపూల బొమ్మలు, కింద రెండు దీపాలు, నడుమ మా పై ఇంటాయన. మెడలో ఆఫీసు కార్డు, నెత్తిన హెడ్‌ఫోను. పోయాక కూడా ఎవడో డాక్టరు గొణుగుడు వింటున్నట్టే ఉన్నాడు.

పోయింది మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకి. సరిగ్గా రాహుకాలం నడుమ. బతికుండగా ఆ వేళలో కొత్త సబ్బు కూడా విప్పని మనిషి.

పేరు రాయను. రాస్తే ఎవరో ఒకరు దీన్ని కత్తిరించి పురసవాక్కం తీసుకెళ్లి లామినేషన్ చేయించి వాళ్లావిడకి ఇస్తారు. ఆయనకి లామినేషన్ అంటే అంత ఇష్టం. నాకు ఆయనంటే అంత అసహ్యం.

మాది కోడంబాక్కంలో రైలు పట్టాలకి దగ్గరగా ఉన్న పాత అపార్టుమెంటు. కింద నేనూ నా భార్యా, పైన ఆయనా ఆయన భార్యా. రెండిళ్లవాళ్లమూ తాతల కాలం నుంచీ ఈ ఊరి తెలుగువాళ్లమే. ఆయన ఉద్యోగం ఒక వింత. సముద్రాల అవతల డాక్టర్లు రోగిని చూసి యంత్రంలో నాలుగు ముక్కలు గొణుగుతారు. ఆ గొణుగుడు ఫైలుగా మారి ఈయన చెవిలోకి వస్తుంది. ఈయన దాన్ని విని శుభ్రంగా టైపు కొట్టి తిప్పి పంపాలి. ఇరవై ఏళ్లు ఆఫీసుకు వెళ్లి ఆ పని చేశాడు. కరోనా రోజుల్లో అందరితోపాటు ఇంటికొచ్చాడు. మళ్లీ రమ్మన్నప్పుడు వెళ్లబోయి, మూడోరోజు కోడంబాక్కం స్టేషను మెట్లమీద కళ్లు తిరిగి పడ్డాడు. రక్తపోటు అన్నారు. కంపెనీవాళ్లు జాలిపడి, ఇంట్లోనే ఉండి చెయ్యి, ఫైళ్లు మాత్రం టైముకు రావాలి అన్నారు. యాభై నాలుగేళ్లవాణ్ణి ఇంకో కంపెనీ తీసుకోదు. ఆ మెట్లు మళ్లీ ఎక్కే ధైర్యం ఆయనకి లేదు. అంటే ఆ ఇంటి కుర్చీ పోతే బతుకుతెరువు పోయినట్టే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

డాక్టరు ఆయనతో చెప్పింది ఒకే ముక్క: టెన్షన్ తగ్గించుకో, పనికి ఒక వేళ పెట్టుకో. మామూలు మనిషైతే తలాడించి మాత్ర మింగి ఊరుకుంటాడు. ఈయన న్యూస్‌పేపరంత అట్ట కొనుక్కొచ్చి, అయిదు రంగుల స్కెచ్ పెన్నులతో రోజంతా గీసి, లామినేషన్ చేయించి గోడకి తగిలించాడు. పచ్చరంగు పని. నీలం ఒత్తిడి నివారణ. ఎరుపు రాహుకాలం, యమగండం. పసుపు భార్యతో మాట. నలుపు ఏమిటో ఆయనకే తెలియదు, పెన్నుల డబ్బాలో వచ్చింది కాబట్టి వాడాడు. భార్యతో మాటకి దొరికింది సాయంత్రం అయిదూ నలభై నుంచి అయిదూ యాభై దాకా.

ఒకరోజు నేను మెట్లమీద ఉండగా పై ఇంట్లోంచి ఈ సంభాషణ విన్నాను.

"ఏమండీ, సిలిండరు వచ్చుండాది! తలుపు తియ్యండి, నా చేతులు పిండిలో ఉండాయి!"

"ఇప్పుడు పచ్చరంగు నడస్తా ఉంది. పసుపు అయిదూ నలభైకి."

"మీ రంగుల్లో మన్ను పొయ్య! ఆ మనిషి బండ భుజం మీద పెట్టుకోని నిలబడుండాడు. అయిదూ నలభై దాకా మోస్తాడా?"

దగ్గరగా వేసిన తలుపు నేను తోశాను. సిలిండరు లోపలికి నేనే మోశాను. సరే, మోయలేదు. మోస్తున్నవాడికి దారి చూపించాను.

ఆయన ఇంట్లో బూట్లు వేసుకునేవాడు. పని కోసమని ప్రత్యేకంగా కొన్న బూట్లు, వీధి ముఖం చూడనివి. లుంగీ మీద ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, కింద నల్లబూట్లు. ఇదేం వేషమయ్యా అంటే, "కాలికి బూటు లేకపోతే మెదడు ఇది ఇల్లు అనుకుంటాది సార్" అన్నాడు. నీ మెదడు అనుకుంటున్నది నిజమే కదా అన్నాను. ఆ మాటకి ఆయన దగ్గర రంగు లేదు. అంచేత ఎప్పుడూ వాడే వాక్యమే వాడాడు: "టైము మన చేతిలో ఉంటే టెన్షన్ మన కాలికింద ఉంటాది సార్." మెట్లమీద కనిపించినా, నీళ్ల ట్యాంకు కడిగించే చర్చలో అయినా, ఎవరింటికో పరామర్శకి వెళ్లినా ఇదే వాక్యం. అపార్టుమెంటు వాట్సాప్ గుంపులో రోజూ పొద్దున ఆరింటికి పెట్టేవాడు, కింద ఒక గులాబీతో.

నాకూ ఒక టైంటేబులు రాసిచ్చాడు. అప్పటికి నాకు డెబ్భై మూడేళ్లు, రిటైరై పదిహేనేళ్లు. అందులో పొద్దున ఆరు నుంచి ఆరూ ఇరవై దాకా 'ఆలోచన' అని ఉంది. నా భార్య చదివి, "ఇన్నేళ్లూ చెయ్యనిది ఇప్పుడు కొత్తగా ఏం చేస్తారు?" అంది.

ఇవన్నీ భరించాను. భరించలేనిది నవ్వు. నీలం రంగులో, మధ్యాహ్నం రెండూ పదికి, నవ్వు అని రాసుకున్నాడు. సరిగ్గా నా కిటికీ మీద ఉన్న బాల్కనీలోకి వచ్చి, చేతులు రెండూ పైకెత్తి, హా హా హా, హో హో హో. ఎదురుగా ఎవరూ లేరు, నవ్వే విషయమూ లేదు. మొదటిరోజు ఎవరో పోయారనుకుని చొక్కా తొడుక్కున్నాను. ఆ నవ్వుకి సన్‌షేడు మీద పావురాలు చచ్చిపోయేవి. చచ్చేవి కావు, ఎగిరిపోయేవి. నవ్వు అయ్యాక రక్తప్రసరణ కోసమని ఆ బూట్లతోనే వంద అడుగులు నా పడకగది పైకప్పు మీద. నేను ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా పడుకుంటాను. పుట్టినప్పటి నుంచీ నాకున్న ఒకే ఒక టైంటేబులు అది.

ఇక ఆయన పని తీరు చెప్పాలి. చిన్నప్పటి నుంచీ వాళ్లమ్మ రాహుకాలంలో ఏదీ మొదలుపెట్టనివ్వలేదు. అమ్మ పోయినా ఆ భయం పోలేదు. కానీ కంపెనీ ఫైళ్లు రాహువుని అడిగి రావు. అందుకు ఈయన ఒక ఉపాయం కనిపెట్టాడు. ఈ ఊళ్లో ఆడవాళ్లు రాహుకాలం రాబోతుందంటే గబగబా పొయ్యి వెలిగించి ఎసరు పెట్టేస్తారు చూడండి, మొదలైపోయింది కాబట్టి ఇక దోషం లేదని. అదే లెక్క. ఎరుపు రంగుకి అయిదు నిమిషాల ముందు వరసలో ఉన్న ఫైళ్లన్నీ తెరిచి, ఒక్కోదాంట్లో ఒక్కో అక్షరం కొట్టి వదిలేసేవాడు. పద్నాలుగు ఫైళ్లు, పద్నాలుగు అక్షరాలు.

"మొదలు ముందే అయిపోయింది గదా సార్. ఇప్పుడు చేసేదంతా సుమ్మా, ఊరికే కంటిన్యూ." ఎంత గర్వంగా చెప్పాడో!

ఈ తెలివి ఇంకెక్కడా పుట్టదు. ఎందుకంటే వాళ్ల పద్ధతిలో ఒక ఫైలు తెరిచిన క్షణం నుంచి దాని గడియారం తిరుగుతుంది. నాలుగు గంటల్లో పంపాలి. ఈయన తెరిచినదాన్ని ఇంకెవరూ ముట్టుకోలేరు. పద్నాలుగు గడియారాలు ఒకేసారి నెత్తిన పెట్టుకుని, వాటిని చూసి గుండె దడ తెచ్చుకుని, ఆ దడ తగ్గించుకోవడానికి బాల్కనీలోకి వచ్చి నవ్వేవాడు. అక్కడ ఎవడో కడుపు నొప్పితో రిపోర్టు కోసం పడుకుని ఉంటాడు, ఇక్కడ ఈయన హో హో అంటుంటాడు. వార్నింగు మెయిళ్లు ముప్పై వచ్చాయి. సరే, మూడు.

మూడోది వచ్చిన సాయంత్రం మా ఇంటికి దిగాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, మీరు కేలండర్లు వేసినోళ్లు. మీకు తెలిసినంత ఇంకెవురికీ తెలీదు. ఒక డౌటు. డాక్టరు మాట్లాడేది ఆడ రాత్రిపూట. నేను టైపు కొట్టేది ఈడ పగటిపూట. రాహుకాలం ఎవురిది తీసుకోవాల, వాళ్లదా మనదా?"

ఆ అభిప్రాయం ఆయనకి కలగడానికి కారణం నేనే. ఈ ఊళ్లో గోడలకి వేలాడే కేలండర్లలో సగం నా గణితమే అని ఆయనతో మాత్రమే కాదు, కూరగాయల బండివాడితో కూడా చెప్పుకున్నాను. రోజుకొక కాగితం చించే కేలండర్లు అచ్చువేసే ప్రెస్సులో ముప్పై ఏళ్లు పనిచేసిన మాట నిజం. నేను చేసింది ప్రూఫులు దిద్దడం. అదీ తెలుగు పేజీలు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ సాయంత్రం నేను చెప్పవలసింది ఒకటే. పని డాక్టరు నోట మొదలైంది, నువ్వు కొనసాగిస్తున్నావు, కాబట్టి నీకు ఏ కాలమూ అంటదు అని. ఆ ముక్క అప్పుడే తోచింది కూడా. చెప్పి ఉంటే ఆయన ఒక్కో ఫైలూ తెరిచి ముగించుకుంటూ పోయేవాడు. కానీ ఆ మధ్యాహ్నం కూడా ఆయన నవ్వి నా నిద్ర చెడగొట్టాడు. నా కళ్లు ఇంకా మండుతున్నాయి.

"రాహుకాలం సంగతి తరువాత" అన్నాను కళ్లు మూసుకుని. "చెవితో చేసే పనికి వేరే గండం ఉందప్పా. కర్ణగండం. మామూలు కేలండర్లలో వెయ్యరు. పాత తాళపత్రాల్లో ఉంటుంది."

ఆయన ముఖం పాలిపోయింది. "ఏ వేళ సార్?"

"రోజూ ఒకటే వేళ. ఒంటిగంటన్నర నుంచి మూడు. ఆ సమయంలో చెవిలో మాట పడకూడదు. నోట నవ్వు రాకూడదు. కాలు నేలని గట్టిగా తాకకూడదు."

జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. "బూట్లు?"

"బూట్లు అసలే పనికిరావు."

వెళ్లేముందు నా కాళ్లకి దండం పెట్టాడు. లోపలి నుంచి అంతా విన్న నా భార్య బయటకొచ్చి, "మీకూ ఆయనకీ పెద్ద తేడా ఏం లేదు. ఆయన గోడమీద రాసుకోనుండాడు, మీరు నోటితో అచ్చేస్తా ఉండారు" అంది. నేను పట్టించుకోలేదు. మర్నాటి నుంచీ మధ్యాహ్నాలు పై ఇల్లు ఖాళీ చేసినట్టుండేది. పదిహేడు రోజులు నేను నిద్రపోయినట్టు ఈ ఊళ్లో ఎవరూ నిద్రపోయి ఉండరు.

పద్దెనిమిదో రోజు శుక్రవారం. పొద్దున పదీ నలభైకి ఆయన భార్య మా గుమ్మంలోకి వచ్చింది. నన్ను అన్నా అని పిలుస్తుంది. కొంగుతో ముఖం తుడుచుకుంటూ, నిష్ఠూరం లేకుండా, మందులషాపులో అడిగినట్టు అడిగింది.

"అన్నా, ఆ చెవి గండానికి పరిహారం ఏమన్నా ఉండాదా? ఏ కోవిల్లో అయినా దీపం పెట్టేది?"

"ఏం జరిగిందమ్మా?"

"పంతొమ్మిది ఫైళ్లు నిలిచిపోయుండాయి. ఈరోజు అయిదు గంటల్లోపల పంపితే సరి, లేకపోతే సోమవారం నుంచి ఆఫీసుకు రావాల్సిందే అని చెప్పేసినారు. ఈయన వాటినన్నిట్నీ ముందే తెరిచి అక్షరం కొట్టి పెట్టుకున్నాడు. ఆ మిషను తనంతట తానే ఆరిపోయి వెలిగింది. అన్నీ మూసుకోనిపోయినాయి. మళ్లా తెరవాలంటే రాహుకాలం వచ్చేసింది. చేతులు ఒళ్లో పెట్టుకోని కూర్చోనుండాడు. ఆ స్టేషను మెట్లు ఎక్కలేడన్నా ఆయన."

నేను మనసులో లెక్క వేసుకున్నాను. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు రాహుకాలం. మూడు నుంచి నాలుగున్నర యమగండం. ఆ రెంటి మధ్య ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా నేను పుట్టించిన గండం. ఫైలుకి పావుగంటకు పైనే పడుతుంది. ఆయనకి మిగిలింది రెండు గంటలు.

పైకి వెళ్లాను. ఆయన పనిచేసే గదిలోకి అదే మొదటిసారి. అట్ట గోడమీద మెరుస్తోంది. నా గండానికి గోధుమరంగు పెన్ను కొత్తగా కొని, అట్ట మళ్లీ గీసి, మళ్లీ లామినేషన్ చేయించాడు. ఆయన కుర్చీలో బూట్లతో, కార్డుతో, తెరిచిన లాప్‌టాప్ ముందు, పరీక్ష హాల్లో కాగితం అందని పిల్లాడిలా ఉన్నాడు. మెడమీద నరం కొట్టుకోవడం గుమ్మంలోంచే కనిపించింది.

"కర్ణగండం లేదప్పా" అన్నాను.

"అంటే సార్?"

"అలాంటిది లేదు. నేను కల్పించాను. నువ్వు నవ్వుతుంటే నాకు నిద్ర పట్టడం లేదు. నేను కేలండర్లు వెయ్యలేదు. ప్రూఫులు దిద్దాను."

ఆయన కుర్చీ నావైపు తిప్పుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నిద్ర కోసరమా సార్? ఒక మాట అడిగుంటే నవ్వు టైము మార్చేవాణ్ణి గదా. నాలుగూ పదికి ఖాళీగానే ఉండాది" అన్నాడు.

లేచి తడిగుడ్డ తీసుకుని గోధుమరంగు తుడవబోయాడు. లామినేషన్ లోపల ఉన్న రంగు తుడిస్తే పోతుందా? తుడుస్తూనే ఉన్నాడు. ఆ మనిషి అజ్ఞానానికి ఒళ్లు మండిపోయింది.

"అది వదిలెయ్యి. పని మొదలుపెట్టు. టైము పోతోంది."

"ఎట్ట సార్? మీ గండం పోయింది, సరే. రాహుకాలం మీరు పుట్టించింది కాదు గదా. పన్నెండు కానీ."

పన్నెండయితే అయిపోయినట్టే. పని డాక్టరు నోట మొదలైందన్న ముక్క ఇప్పుడు చెప్పినా, గండం కల్పించినవాడి శాస్త్రం ఎవడు వింటాడు? అప్పుడు నేను కుర్చీ లాక్కుని కూర్చుని, గొంతు తగ్గించి, ఎవరికీ చెప్పని రహస్యం చెప్పాను. ప్రెస్సులో ఒక సంవత్సరం, ఆవణి నెలలో, నిండా పెళ్లిళ్ల నెలలో, బుధవారం రాహుకాలం గురువారానికీ, గురువారానిది బుధవారానికీ తారుమారుగా పడింది. నా కళ్లు కప్పింది. లక్షల కేలండర్లు పోయాయి. నెలంతా ఈ ఊరు రాహుకాలంలో తాళులు కట్టింది, షాపులు తెరిచింది, బిడ్డలకి పేర్లు పెట్టింది.

"ఎవురూ చూడలేదా సార్?"

"ఒక్కడు చూడలేదు."

"ఎవురికీ ఏమీ కాలేదా?"

"ఒక్కడికీ ఏమీ కాలేదు. నాకు మాత్రం నెల రోజులు నిద్రలేదు."

ఆయన పెదవులు బిగించాడు. భుజాలు కదిలాయి. తరువాత నవ్వాడు. అట్టమీద లేని నవ్వు. చేతులెత్తలేదు, హో హో అనలేదు. కళ్లనీళ్లు కారేదాకా నవ్వి, చొక్కాకి తుడుచుకుని, హెడ్‌ఫోను నెత్తిన పెట్టుకున్నాడు. అప్పుడు పదీ యాభై అయిదు. మొదటి ఫైలు తెరిచాడు, ముగించాడు, పంపాడు. రెండోది తెరిచాడు.

నేను సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. మధ్యాహ్నం నిద్రకి కిందికి పోలేదు. ఆయన భార్య రెండుసార్లు కాఫీ ఇచ్చింది. ఒకసారి అన్నం ముద్దలు చేసి ఆయన నోటికి అందించింది, ఏ రంగులోనూ లేని వేళలో. పంతొమ్మిదో ఫైలు వెళ్లేసరికి అయిదుకి పది నిమిషాలుంది. సోమవారం ఆయన ఆఫీసుకు వెళ్లలేదు. తరువాత మూడేళ్లూ వెళ్లలేదు. ఆ కుర్చీలోనే, ఒక్కో ఫైలూ తెరిచి, ముగించి, పంపుకుంటూ గడిపాడు. వాట్సాప్‌లో గులాబీ మాత్రం ఆగలేదు.

ఇప్పుడు అసలు మాట ఒప్పుకుంటాను. ఆ ఆవణి నెల కథ కూడా అబద్ధమే. అలాంటి తప్పు ఎన్నడూ పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చునేలోపు అల్లాను. నా జీవితంలో ఎన్నో అల్లాను కానీ ఇది మేలురకం. ఒక మనిషి ఉద్యోగం నిలబెట్టింది. ఆయన కనిపించినప్పుడల్లా, ఇంత అమాయకుడివి ఇన్నేళ్లు ఎలా బతికావయ్యా అని లోపల నవ్వుకునేవాణ్ణి. మూడేళ్లు ఆ నవ్వుతో సుఖంగా ఉన్నాను.

నిన్న సాయంత్రం పరామర్శకి పైకి వెళ్లాం. ఆయన భార్య గోడకి ఆనుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. ఏదో అనాలి కాబట్టి, ఆ శుక్రవారం ఎంత పని చేశాడమ్మా అన్నాను.

ఆమె ముఖంలో నవ్వు వచ్చింది.

"ఆరోజు సాయంత్రం చెప్పి చెప్పి నవ్వినాడన్నా. ప్రెషరు పెరిగిపోతాదేమో అని నేను భయపడితిని. రాహుకాలం నెలంతా తారుమారుగా పడిందంట, ఈ ఊర్లో ఒక్కరూ చూడలేదంట! ఈడ చదువురాని ఆయమ్మని లేపి అడిగినా ఏడు వారాలదీ వరసన చెప్తాది. మా అత్త ఉండిన కాలం అది. ఒక్క పూట తప్పు పడుంటే ఆ ప్రెస్సు గుమ్మంలో చెప్పు తీసుకోని నిలబడుండేది."

నా పక్కన నా భార్య దగ్గింది. అది దగ్గు కాదు.

"మరి... నమ్మకుండానే మొదలుపెట్టాడా?" అన్నాను.

"ఆమా, అవునన్నా. 'సార్‌కు అబద్ధం చెప్పను రాదే' అన్నాడు. 'ఆ చెవి గండమన్నా కొంచెం నమ్మేట్టు చెప్పినాడు, ఈ రెండోది పాపం తొందర్లో చెప్పినట్టుండాడు. అయినా పెద్దాయన, నాకోసరం ఇంత బరువు అబద్ధం మెట్లెక్కి మోసుకోనొచ్చినాడు. వద్దు, తీసుకోని పొమ్మంటే బాగుంటాదా?' అన్నాడు. అందుకోసరమే పని మొదలుపెట్టినాడంట."

కిందికి వచ్చి కూర్చున్నాను. నా భార్య దీపం వేస్తూ ఇంకా దగ్గుతూనే ఉంది. వీధి తొక్కని బూట్లు వేసుకుని, లామినేషన్‌ని తడిగుడ్డతో తుడిచే మనిషి. గులాబీల మనిషి. ఆయనకి, నాకు అబద్ధం చెప్పడం రాదట. డెబ్భై ఆరేళ్లలో ఇంతమాట నన్ను ఎవరూ అనలేదు. పైకి వెళ్లి నాలుగు దులిపేసి రావాలని రెండుసార్లు లేచాను. గుమ్మం దాకా వెళ్లి, దులపడానికి అక్కడ మనిషి లేడని గుర్తొచ్చి, రెండుసార్లూ వచ్చి కూర్చున్నాను.